తల ఊపడం కూడా అబద్ధమేనా?

ఇంటర్ మొదటి ఏడాదిలో అవధులు, అవకలనం పాఠాలు మొదలైన రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి. ఇంట్లో కోయ మాట్లాడి, పదో తరగతి దాకా తెలుగులో చదివి, కాలేజీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డవాణ్ని. సార్ బోర్డు నిండా రాసి, మా వైపు తిరిగి "అర్థమైందా?" అన్నారు. క్లాసులో అన్ని తలలూ ఊగాయి. నాదీ ఊగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను నోటితో ఏమీ అనలేదు. మరి అది అబద్ధమా? చాలా ఏళ్లు నేను దాన్ని అబద్ధం అనుకోలేదు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. సూత్రాలు బట్టీ పట్టి పాసయ్యాను. తర్వాత లెక్కల మాస్టారినీ అయ్యాను.

ఒకరోజు నా క్లాసులో ఒక అమ్మాయి లేచింది. "సార్, ఆ చిన్న తేడా సున్నా కాదని చెప్పి దానితో భాగించాం. చివరికి అదే తేడా సున్నా అని తీసేశాం. ఒకే లెక్కలో రెండూ ఎట్లా అవుతాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "అది అంతేనమ్మా, గుర్తుపెట్టుకో, నాలుగు మార్కులొస్తాయి" అన్నాను. ఆమె "సరే సార్" అని తల ఊపి కూర్చుంది. ఆ ఊపు నాకు తెలిసిన ఊపే. ఒకప్పుడు నాది.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తెలిసింది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్ననే 1734లో జార్జ్ బర్క్‌లీ అనే ఐర్లండ్ తత్వవేత్త అచ్చువేసి అడిగాడు. న్యూటన్, లైబ్నిజ్ చెప్పిన కలన గణితం అప్పటికే గ్రహాల లెక్కలకు పనికొస్తోంది, జవాబులు సరిగా వస్తున్నాయి. అయినా ఎందుకు సరిగా వస్తున్నాయో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. గట్టి జవాబుకు దారి వేసినది 1821లో కోషీ అనే ఫ్రెంచి పండితుడు రాసిన పుస్తకం. అది కాలేజీ విద్యార్థుల కోసం రాసిన పాఠ్యపుస్తకం. ఆ తర్వాత వైయర్‌స్ట్రాస్ వంటివారు ఆ పని పూర్తిచేశారు. అంటే పెద్ద పెద్దవాళ్లకే వందేళ్లు పట్టిన సందేహాన్ని నేను నాలుగు మార్కులు చూపించి నోరు మూయించాను.

ఆ సందేహం ఎట్లా తీరుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. కొండ మీద నుంచి రాయి వదిలితే అది సుమారుగా కాలం వర్గానికి 5 రెట్లు మీటర్లు పడుతుంది. 2 సెకన్లకు 20 మీటర్లు, 3 సెకన్లకు 45 మీటర్లు. సరిగ్గా 2వ సెకను దగ్గర దాని వేగం ఎంత? 2 నుంచి 3 సెకన్ల మధ్య సగటు 25. 2 నుంచి 2.1 మధ్య 20.5. 2 నుంచి 2.01 మధ్య 20.05. 2 నుంచి 2.001 మధ్య 20.005. వ్యవధిని సున్నా చేయలేం, చేస్తే భాగించడానికి ఏమీ మిగలదు. కానీ వ్యవధి తగ్గేకొద్దీ సగటు 20కి ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా వస్తుంది. ఆ 20నే అవధి అంటాం. ఆ తేడాను మనం ఎక్కడా సున్నా చేయలేదు. సగటు ఏ సంఖ్య వైపు పోతోందో మాత్రమే చూశాం.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. వానాకాలంలో వాగు దాటాల్సి వస్తే మా నాయన ఒడ్డున పుల్ల గుచ్చి నీళ్లను చూసేవాడు. నీళ్లు మోకాలి లోతే ఉన్నా గబగబా పెరుగుతుంటే దాటనిచ్చేవాడు కాదు. ఎంత లోతు అన్నది ఒక ప్రశ్న, ఎంత జోరుగా పెరుగుతోంది అన్నది ఇంకో ప్రశ్న. ఆ రెండోదే అవకలనం అడిగే ప్రశ్న. మా నాయనకు కలన గణితం వచ్చని నేను అనను. అట్లా అంటే అదీ ఒక అబద్ధమే, ఆయన తెలివికి ఆ పొగడ్త అక్కర్లేదు. నేను చెప్పేది వేరే. "పుల్ల మునిగిందా, చూశావా?" అని నాయన అడిగితే, చూడకుండా తల ఊపే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఊపితే మనిషి కొట్టుకుపోతాడు. అక్కడ "చూడలేదు నాయనా" అనడం సిగ్గు కాదు.

క్లాసులో ఆ ఊపు ఎందుకు చులకనైంది? నష్టం వెంటనే కనపడదు కాబట్టి. ఆ నష్టం తర్వాత కనపడుతుంది. ఇంజనీరింగులోనో డిగ్రీలోనో అదే అవధి మళ్లీ ఎదురవుతుంది. అప్పుడు పిల్లవాడు సగంలో చదువు మానేసి ఊరికి వస్తాడు. వచ్చి "మన బుర్రలకు లెక్కలు ఎక్కవు" అంటాడు. విన్నవాళ్లు నిజమే అనుకుంటారు. ఒక్కడి ఊపు చివరికి ఒక జాతి మీద వేసిన నిందగా మారుతుంది. తల ఊపడం అబద్ధమే అని నేను అనేది ఇందుకే.

అయితే తప్పంతా పిల్లలదే అనడం అన్యాయం. మన యాస విని నవ్వే క్లాసులో, తప్పు చెబితే పేరు పెట్టి పిలిచే హాస్టల్లో, నోరు మూసుకోవడం ఒక రక్షణ. మౌనాన్ని నేను తప్పు పట్టను. మౌనంగా ఉన్న పిల్లవాడిని చూస్తే మాస్టారికి ఏదో ఒక అనుమానమైనా వస్తుంది. తల ఊపితే ఆ అనుమానం కూడా రాదు. ఆ ఊపుకు మా ఉపాధ్యాయుల వాటా కూడా ఉంది. "అర్థమైందా?" అన్న ప్రశ్నకు మేము ఒక్క జవాబే ఒప్పుకుంటాం. "ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగితే తల ఊపడం కుదరదు, ఏదో ఒక చోటు చూపించాల్సిందే.

కేరళలో 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు 'యుక్తిభాష' రాశాడు. కలన గణితానికి దగ్గరగా వచ్చే లెక్కలు అందులో ఉన్నాయి. దాన్ని సంస్కృతంలో కాకుండా మలయాళంలో రాశాడు, ఫలితాలతోపాటు అవి ఎందుకు నిజమో కూడా చెప్పాడు. మన పిల్లలకు కావలసినవీ ఆ రెండే: ఎందుకు అన్నది చెప్పాలి, వాళ్లకు తెలిసిన మాటలో చెప్పాలి.

మర్నాడు క్లాసులో నేను, "నిన్న జవాబు తెలియక తప్పించుకున్నాను" అని చెప్పి రాయి లెక్క చేయించాను. చివర్లో "ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగాను. ఆ అమ్మాయికి తెలిసింది. కానీ వెనక బెంచీల నుంచి ముగ్గురు "మాకింకా తెలియలేదు సార్" అన్నారు. నా ఉద్యోగంలో ఆ మాట వినడం అదే మొదటిసారి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మాట అనడం నేర్చుకోండి. తోటి ఉపాధ్యాయులారా, ఆ మాట అన్నవాళ్లను చూసి ఎవరూ నవ్వకుండా మనం చూసుకుందాం.