స్వప్రయోజనం, రాజ్యధర్మం

తన లాభం కోసం మనిషి చేసే పని లోకానికి మేలు చేయగలదా అన్న ప్రశ్న అర్థశాస్త్రానికే కాక నీతిశాస్త్రానికి కూడా చెందినది. 1776లో వెలువడిన ‘ది వెల్త్ ఆఫ్ నేషన్స్’లో ఆడమ్ స్మిత్ ధాన్యం వర్తకుణ్ణి సమర్థించాడు. కొరత ఏర్పడితే వర్తకుడు ధర పెంచుతాడు. ప్రజలు పొదుపు పాటిస్తారు. ఉన్న ధాన్యం మరుసటి పంట వరకు నిలుస్తుంది. ప్రభుత్వం బలవంతంగా ధర తగ్గిస్తే కొరత కరువుగా మారుతుంది. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. అయితే కొనేవాని చేతిలో డబ్బు ఉన్నప్పుడే అది నిలుస్తుంది.

భారతదేశ చరిత్ర ఈ పరిమితిని దారుణంగా నిరూపించింది. 1866 నాటి ఒరిస్సా కరువులో వర్తకులే ధాన్యం తెస్తారని అధికారులు వేచి ఉన్నారు. ఋతుపవనాలు వచ్చి దారులు మూసుకుపోయాయి; సుమారు పది లక్షల మంది మరణించారు. 1873-74లో బీహారుకు కరువు వచ్చినప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ బర్మా బియ్యం తెప్పించాడు. ఆకలిచావులు బహు స్వల్పం. కాని ఆయనకు దక్కింది దుబారా చేశాడన్న నింద.

1876లో దక్షిణాదిని ధాత కరువు కబళించింది. కర్నూలు, కడప, బళ్ళారి సీమలు అల్లాడాయి. మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొనగా, అది ప్రైవేటు వర్తకానికి విఘాతమని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఆక్షేపించింది. ఆ ప్రభుత్వం ప్రతినిధిగా వచ్చిన టెంపులే ఈసారి సహాయపు పనుల కూలిని ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యం ఖరీదుకు స్వల్ప నగదు కలిపిన స్థాయికి తగ్గించాడు. శ్రమించే శరీరానికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అభ్యంతరం తెలిపాడు. రైళ్ళు ధాన్యం తెచ్చాయి. పని లేని రైతుకూలీ, నేతగాడు దానిని కొనలేకపోయారు. దేశం నుండి ఎగుమతులు సైతం ఆగలేదు.

ధాన్యం ధరను అనుసరించి వచ్చేమాట నిజమే. కాని కొనలేనివాని ఆకలి ధరలో నమోదు కాదు. బీహారులో అదనపు వ్యయం లెక్కలకెక్కి తప్పిదమయింది. దక్షిణాదిన పోయిన ప్రాణాలు ఏ ఖజానా పద్దులోనూ లోటుగా కనిపించలేదు.

1880 నాటి కరువు కమిషన్ ప్రజల ప్రాణరక్షణ రాజ్యం బాధ్యత అని అంగీకరించింది. వర్తకాన్ని దాని దారిన వదిలి, పని కల్పించి, ప్రజలకు కొనే శక్తినివ్వడం దాని మార్గం.

నియంత్రణ కూడా నిర్దోషమైనది కాదు. స్వదేశీ సరుకుపై నూటికి అయిదు, విదేశీ సరుకుపై పది లాభాన్ని అనుమతించిన కౌటిలీయ అర్థశాస్త్రమే అధికారులు రాజధనాన్ని అపహరించే నలభై విధాలను కూడా పేర్కొన్నది. స్వార్థం అంగడిలోనే కాదు, కచేరీలోనూ నివసిస్తుంది. 1991 తరువాత లైసెన్సుల వ్యవస్థ చాలవరకు తొలగడానికి ఈ ఎరుక కూడా ఒక కారణం.

కనుక వివాదం స్వేచ్ఛకూ నియంత్రణకూ మధ్య మాత్రమే కాదు. బేరంలో పాల్గొనలేనివాడు ఎవడు, వాని పక్షాన లెక్క చెప్పేది ఎవరు? ఏ విధానమైనా ముందుగా ఈ ప్రశ్నకు సమాధానమివ్వాలి.