ఒక్క చుక్కకు అర్థమేమిటి?

ఒక మనిషి చేసిన పనిని మరొక మనిషి తూచవచ్చునా అన్న ప్రశ్న చాలా పాతది. తూచవచ్చు, తూచక తప్పదు కూడా. నన్ను కొంతకాలంగా వదలకుండా పట్టుకున్నది దాని పక్కనున్న ఇంకొక ప్రశ్న. తూచడమూ, చెప్పడమూ ఒకటేనా?

మా కోలారు సీమలో పెళ్ళి భోజనం చేసి చేయి కడుక్కుంటున్నవాణ్ణి "వంట ఎట్లుంది?" అని అడగండి. "బాగుంది" అంటాడు. సారులో ఉప్పెక్కువైన సంగతి ఇంటికి పోయే బస్సులో పక్కవాడికి చెప్తాడు. వంటవాడికి ఆ మాట చేరదు. మర్యాద నిలిచింది, ఉప్పు అట్లే ఉంది. ఇప్పుడు చేతికి ఫోనొచ్చింది. ఎదుటి మనిషి మొహం చూడనక్కరలేదు గనుక మర్యాదతో పని లేదు. "బాగుంది" అన్న ఆ మనిషే ఒక్క చుక్క పెట్టి పోతాడు. ఉప్పు సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

మా అక్క కొడుకు బెంగళూరులో యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నాడు. మారికుప్పం నుంచి పొద్దుటి రైలెక్కి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళలో వాడూ ఒకడు. ఇద్దరు స్నేహితులతో కలిసి టమోటా రైతులు లెక్కలు రాసుకునేందుకు ఒక యాప్ చేశాడు. మండీకి ఎన్ని బాక్సులు పోయినవి, వేలంలో ఏ ధర పలికింది, కమిషన్ ఎంత, కూలి ఎంత, ఇంతే దాని పని. కొన్నాళ్ళకు దానికి ఒక్క చుక్కలు వచ్చి పడ్డాయి. ఎందుకో తెలియక వాడు కోలారు మండీకి పోయి రైతులతో మాట కలిపాడు.

"మామా, ఒక్క చుక్క పెట్టినోళ్ళలో ఒకాయన కింద సూపర్ అని రాసినాడు" అన్నాడు తిరిగొచ్చి. ఆ పెద్దాయన లెక్కలో ఒకటంటే మొదటి ర్యాంకు! ఇంకొకాయన టమోటా ధర పడిపోయిన రోజు ఆ కోపంతో ఒక్క చుక్క పెట్టాడు. మరొకామె మాత్రం నిజమైన తప్పు కనిపెట్టింది. సిగ్నల్ లేని పొలంలో రాసుకున్న లెక్క ఇల్లు చేరేసరికి మాయమవుతోంది. ఆమె కూడా మాట రాయలేదు, చుక్క మాత్రం పెట్టింది. మెప్పు ఒకటి, ఉక్రోషం ఒకటి, ఫిర్యాదు ఒకటి. సగటు కట్టే యంత్రానికి మూడూ ఒకటే.

పెద్ద సంస్థల విషయంలో ఇది ఇంకా విడ్డూరంగా ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ అధిపతి మన దేశాన్ని పేద దేశమని తీసిపారేశాడన్న వార్త వచ్చింది. సంస్థ కాదంది. అయినా జనం ఒక్క చుక్కలు గుమ్మరించారు. వాళ్ళలో కొందరు పేరు పోలికకు మోసపోయి, ఏ సంబంధమూ లేని స్నాప్‌డీల్ మీద కూడా గుమ్మరించారు. 2020 మేలో టిక్‌టాక్ మీద ఇట్లాంటి దండయాత్రే జరిగితే, గూగుల్ లక్షల సంఖ్యలో అభిప్రాయాలను తొలగించింది. ఇదంతా అన్యాయమని కొట్టేయడానికి నాకు నోరు రాదు. అడగడానికి ఇంకే దారీ లేనివాడు చేతికందిన రాయి విసురుతాడు. కాకపోతే ఆ రాయి ఎవరికి తగులుతుందో వాడికే తెలియదు.

చేసేవాళ్ళ వైపు తప్పు ఇంతకంటె తెలివైనది. యాప్ తెరవగానే "మీకు నచ్చిందా?" అని అడుగుతారు. నచ్చిందన్నవాణ్ణి చుక్కలు పెట్టే చోటికి పంపుతారు, నచ్చలేదన్నవాణ్ణి ఎవరికీ కనపడని ఇంకొక పెట్టె దగ్గరికి పంపుతారు. గూగుల్ నిబంధనలు చుక్కలు అడిగేముందు ఇట్లాంటి ప్రశ్న వేయకూడదంటాయి. ఆపిల్ 2017లో తెచ్చిన పద్ధతిలో ఒక యాప్ ఒక మనిషిని 365 రోజుల్లో మూడుసార్లకు మించి అడగలేదు. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2022లో, కొనుగోలుదారుల అభిప్రాయాలు ఎట్లా సేకరించాలి, ఎట్లా ప్రకటించాలి అన్నదానికి ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం తెచ్చింది. నిబంధనలు ఉన్నాయి గనుక తప్పు అనడం సులభం. నిబంధన లేకపోతే తప్పు కాదా? నచ్చినవాళ్ళను మాత్రమే ఏరి చుక్కలు పెట్టించుకుంటే, పడిన ప్రతి చుక్కా నిజమే, వచ్చిన మొత్తం మాత్రం అబద్ధం. ఏ ఒక్కరూ అబద్ధమాడకుండా అబద్ధం తయారవుతుందన్నమాట.

మావాడి స్నేహితుడు ఇక్కడే అడ్డం తిరిగాడు. అందరూ చేస్తున్నదే, చుక్కలు తగ్గితే యాప్ ఎవరి కంటా పడదు, ముగ్గురి జీతాలూ పోతాయి అన్నాడు. అతని బాధలో నిజముంది. ముగ్గురి ఇళ్ళల్లోనూ కంతులున్నాయి. నాకు తోచింది మాత్రం చెప్పాను. చుక్కలు రేపు తీసుకోబోయేవాడి కోసం, మాట చేసినవాడి కోసం. రెండూ ఒకే పెట్టెలో వేయించుకుని, చేదు మాటను ఏరి పారేస్తే నష్టపోయేది ముందు మీరే.

ఊళ్ళో పాల డెయిరీ చూడండి. పొద్దున్నే పోసిన పాలకు అక్కడా అంకె వేస్తారు, ఆ అంకెను బట్టే డబ్బు. కానీ వెన్న శాతం తగ్గితే "మేత మార్చినారా అక్కా?" అని అడిగే మనిషి ఎదురుగా ఉంటాడు. అంకె వెంట కారణం కూడా నడుస్తుంది. అంకె మీద నమ్మకం లేకపోతే మళ్ళీ చూడమనే హక్కూ ఉంటుంది. చుక్కల దగ్గర రెండు వైపులా లేనిది ఆ మనిషే.

మా గనుల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతున రాయి మీద పడే ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పేలేది, రాక్‌బరస్ట్ అనేవాళ్ళు. ఎందరి ప్రాణాలో పోయాయి. అందుకని రాతిలో పుట్టే సన్నటి కంపాలను పట్టుకునే పరికరాలు అమర్చి, ఏ మూల ఏం జరుగుతున్నదో వినే ఏర్పాటు చేశారు. రాతి యాంత్రిక శాస్త్రానికి జాతీయ సంస్థ 1988లో ఈ ఊళ్ళోనే పుట్టింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నేను గమనించిందేమంటే, రాయి ఊరకుంది గనుక బాగానే ఉందని ఆ ఇంజనీర్లు అనుకోలేదు. చెవిని రాయి దగ్గరికే తీసుకుపోయారు.

మనుషుల దగ్గర ఆ శ్రద్ధ అన్నివేళలా కనపడదు. కోలారు దగ్గర నరసాపురలో ఐఫోన్లు కూర్చే విస్ట్రాన్ కర్మాగారంలో 2020 డిసెంబరు 12న కార్మికులు జీతాలు సరిగా రావడం లేదని తిరగబడి అద్దాలు పగలగొట్టారు, వాహనాలకు నిప్పు పెట్టారు. ఆ విధ్వంసాన్ని నేను సమర్థించను. కానీ వారం తర్వాత, కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందని మాట నిజమేనని సంస్థే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. లోపాలు సరిదిద్దేదాకా కొత్త పని ఇవ్వబోమని ఆపిల్ అంది. తర్వాత ఆ కర్మాగారం టాటాల చేతికి వచ్చింది. ప్రపంచంలో ఎవరెవరో చుక్కలు పెట్టుకునే ఫోన్లు అక్కడ తయారవుతుంటే, తయారుచేసేవాళ్ళ మాట వినవలసిన చోటికి అద్దాలు పగిలాక గాని చేరలేదు.

మావాడి యాప్‌కు వస్తాను. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు మనవాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. తెలుగు రాయాలంటే కన్నడ లిపిలో రాస్తారు, లేదంటే రాయనే రాయరు. "మీ అభిప్రాయం రాయండి" అన్న గడి వాళ్ళకు మూసిన తలుపే. చుక్క పెట్టడానికి లిపి అక్కరలేదు గనుక చుక్క పెడతారు. రాసిన అభిప్రాయాలు మాత్రమే చదివి జనం మాట విన్నామనుకుంటే, విన్నది చదువుకున్నవాళ్ళ మాట మాత్రమే.

అందుకని వాళ్ళు రాసే గడి పక్కన మైకు బొమ్మ పెట్టారు. నొక్కి మాట్లాడవచ్చు, తెలుగో కన్నడమో తమిళమో. మొదటి వారంలో వచ్చినవాటిలో ఒకటి నాకూ వినిపించాడు. ఒక పెద్దామె గొంతు. "ఏమప్పా, మీదే ఊరు?" అని మొదలుపెట్టింది. వాన లేదంది, బోరు ఎండిందంది, కోడలు పుట్టింటికి పోయిందంది. అంతా అయ్యాక, పెట్టబోతూ, బాక్సుల లెక్క దిద్దితే కమిషన్ రెండోసారి కూడా తీసేస్తోందని చెప్పింది. మొత్తం రెండు నిమిషాలకు పైనే. ముగ్గురూ కూర్చుని చూస్తే ఆమె చెప్పింది నిజం.

ఆ లెక్క సరిచేశారు. వినడానికి పొద్దు చాలడం లేదు, ఒక్కొక్క మాటకు ముప్పై సెకన్ల హద్దు పెడదామని స్నేహితుడు అంటున్నాడు. మావాడు ఒప్పుకోవడం లేదు. ఆ సంగతి ఇంకా తేలలేదు.