వేషమును ధర్మమును

మనుష్యుడు వస్త్రమును మూడు ప్రయోజనములకై ధరించుచున్నాడు. ఎండవానలనుండి దేహమును కాపాడుకొనుట మొదటిది. సిగ్గును నిలుపుకొనుట రెండవది. తా నెవ్వరివాడో, ఏ మతమువాడో లోకమునకు తెలుపుట మూడవది. మొదటి రెంటిని గూర్చి కలహములు తక్కువ. మూడవదానివలననే కలహములు పెక్కు పుట్టుచున్నవి. అందును విచిత్రమేమనగా, మతముయొక్క గుఱుతును మోయు భారము తఱచుగా స్త్రీల తలపైననే పడుచున్నది. పురుషుడు పంచె విడిచి లాగు తొడిగినను, గడ్డము పెంచినను, తీసివేసినను ఇల్లు అదరదు. స్త్రీ ముసుగు వేసినను తీసినను ఊరెల్ల మాటలాడును.

నేడు ముస్లిం సమాజములలో వేషము మాఱుచున్నది. మతమునందు పట్టుదల పెరుగుచున్నది. దీనిని చూచి సంస్కారప్రియులలో ననేకులు రెండు తీర్పులలో నేదో యొకటి తొందరపడి చెప్పుచున్నారు. ముసుగున్నచోట దాస్యమున్నదని కొందఱు. అది వారి మతము, మనకేల యని కొందఱు. మొదటివారు వస్త్రమును చూచి మనస్సును చూచితి మనుకొనుచున్నారు. రెండవవారు మతము పేరు వినగానే మనిషిని మఱచుచున్నారు. ఈ రెండునుగాక వేఱొక కొలత కలదా యని విచారింపవలసి యున్నది.

మన కృష్ణా డెల్టావారికి ఇది దూరదేశపు విషయము గాదు. బందరునందును, గుడివాడయందును, పామఱ్ఱు చుట్టుపట్ల పల్లెలయందును ముస్లిములు తరతరములుగా మనతో కలిసి జీవించుచున్నారు. బందరు అను పేరే పారసీకము; రేవు అని దాని యర్థము. 17వ శతాబ్దిలో గోల్కొండ సుల్తానుల యేలుబడియందు ఈ రేవునుండి అద్దకపు బట్టలు పారసీకదేశమునకు పోవుచుండెను. బందరునందును పెడనయందును నేటికిని జరుగుచున్న కలంకారీపనికి పేరు ఆ భాషనుండి వచ్చినదే. రుమాలు, శాలువ, పైజామా అనునవియు పారసీక పదములే. కమీజు అరబ్బు పదము. ఉత్తరదేశపు ముస్లిం దర్బారులలో రూపొందిన చుడీదారును నేడు మన యాడపిల్లలు కళాశాలకు తొడుగుకొని పోవుచున్నారు. దానివలన వారి మతము మాఱినదని ఏ తల్లియు దుఃఖింపలేదు. కావున వేషము మతమునకు పుట్టుకతో వచ్చిన చర్మమువంటిది గాదు. అది చేతులు మాఱు సరకు.

దూదేకులవారి, అనగా నూర్‌బాషాల, సంగతి చూడుడు. ప్రత్తి నేకుట వీరి పూర్వవృత్తి. వీరి మాతృభాష తెలుగు. ఇంటిపేర్లును మన యింటిపేర్లవంటివే. వీరి స్త్రీలకును పొరుగు రైతుల స్త్రీలకును చీరకట్టులో భేద మగపడెడిది కాదు. పట్టణములలో ఉర్దూ మాటలాడు సంపన్న కుటుంబములందు ఘోషా యుండెను. కాని పొలమున నాట్లు వేయు ముస్లిం స్త్రీకిని, బుట్ట నెత్తిన బెట్టుకొని సరకమ్ముకొను స్త్రీకిని ఘోషా యెక్కడిది? కొంగు తలమీదికి లాగుకొనుటయే ఆమె మర్యాద. పీర్ల పండుగనాడు హిందువులును ముస్లిములును కలిసి పీర్లను మ్రొక్కుట మన పల్లెలలో వాడుక.

ఇప్పుడు ఆ కొంగు స్థానమున నల్లని బురఖా వచ్చుచున్నది; కొన్ని యిండ్లలో కన్నులు తప్ప ముఖమంతయు కప్పు నికాబు వచ్చినది. పీర్ల పండుగ మతసమ్మతము గాదని బోధించువారు ఎక్కువైరి. దీనిని పూర్వాచారమునకు మరలుట యని బోధకులు చెప్పుదురు. వెనుకబాటుతనమని విమర్శకులు చెప్పుదురు. ఇరువురు చెప్పునదియు సరికాదు. నాయనమ్మ ఎఱుగని వేషమును మనుమరాలు ధరించుచుండగా దానిని మరలుట యనుట యెట్లు? ఈ యాచారము పాతది గాదు, క్రొత్తది. దీని కారణములును క్రొత్తవే.

అందు మొదటిది ధనము. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట అరబ్బుదేశములలో పనులు పెరిగి, తెలుగు జిల్లాలనుండి వేలకొలది జనులు అచటికి పోయిరి. జీతముతోపాటు అచటి వేషమును, అదియే నిజమైన మతమను తలంపును ఇంటికి తెచ్చిరి. రెండవది బోధ. 1920వ దశకమున ఉత్తరదేశమున మేవాత్ ప్రాంతమందు మహమ్మద్ ఇలియాస్‌గారు ఆరంభించిన తబ్లీగు ఉద్యమము నేడు పల్లె మసీదులదాక వ్యాపించినది. మూడవది భయము. 1992 డిసెంబరు 6న అయోధ్యలో మసీదు కూలిన పిమ్మట, తమ్మెవరో అనుమానముతో చూచుచున్నారను బాధ సామాన్య ముస్లిములలో నాటుకొన్నది. అనుమానింపబడినవాడు తన గుఱుతును దాచుకొనును, లేదా గట్టిగా చాటుకొనును. నాలుగవది చదువు. ముసుగు వేసికొన్నచో కళాశాలకు పంపెదనను తండ్రి యున్న యింట ఆ ముసుగే పిల్లకు గడప దాటు అనుమతిపత్రము. ఐదవది గౌరవకాంక్ష, కూలికి పోవు స్త్రీకి లేని ముసుగు, కూలికి పోనక్కఱలేని స్త్రీకి హోదా.

ఈ కడపటి కారణము మనకు క్రొత్తది గాదు. మన జిల్లాలోని కమ్మవారియందే గోడచాటువారు, గంపచాటువారు అను భేదము లుండెడివి. గోడచాటువారి స్త్రీలు ఇల్లు వెడలకుండుట గొప్పదనముగా నెంచబడెడిది. జమీందారీ కుటుంబములలో పల్లకి తెఱ తొలగుట పరువునష్టము. దిగువ నున్నవారు ఎగువవారి యాచారములను తెచ్చిపెట్టుకొనుటను 1952లో ప్రకటించిన గ్రంథమున ఎం. ఎన్. శ్రీనివాస్‌గారు సంస్కృతీకరణమని పేర్కొనిరి. నూర్‌బాషా యిల్లాలు బురఖా తొడుగుటయు ఆ దారిలోనిదే. మన తాతలు చేసినదానిని మర్యాద యనియు, వారు చేయుదానిని మూఢత్వ మనియు పిలుచుట న్యాయము గాదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. “ఆమె తానే కోరి ధరించుచున్నది, మీకేమి?” యని అడుగువారున్నారు. ఈ మాట త్రోసివేయదగినది గాదు, పెక్కుచోట్ల నిజము. కాని ఈ మాటను మన మిండ్లలో పూర్వము వినియున్నాము. బ్రాహ్మణ వితంతువులకు తల గొఱిగించి తెల్లచీర కట్టించు దినములలోను, వారే కోరుకొనుచున్నారని పెద్దలు చెప్పుచుండిరి. కొందఱు నిజముగా కోరియు నుండవచ్చును. అయినను, నేను ఒల్లనన్న వితంతువునకు ఆ యింట అన్నము దొరకెడిదా? బంధువుల పంక్తి దొరకెడిదా? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిన పిమ్మటనే, కాదనుటకు ఒక ద్వారము కలదని లోకమునకు తెలిసెను. ద్వారమున్న గదిలో కూర్చుండుట నివాసము. ద్వారములేని గదిలో కూర్చుండుట చెఱ. లోపల కూర్చున్న మనిషి రెండుచోట్లను ఒకే విధముగా నగపడవచ్చును. కావున అవునన్న మాటకు విలువ, కాదన్నచో శిక్ష లేనప్పుడే కలుగును. ఇదియే నేను చెప్పదలచిన కొలత. వస్త్రమును కొలువవద్దు, దానిని కాదన్న స్త్రీకి కలుగు గతిని కొలువుడు.

ఈ కొలత రెండు ప్రక్కల కోయును. పారసీకదేశమున 1936 జనవరిలో రెజా షా ముసుగులను నిషేధించెను. పోలీసులు వీథులలో స్త్రీల తలగుడ్డలను లాగివేసిరి. ఆ యవమానమున కోర్వలేక ఎందఱో స్త్రీలు ఇల్లు కదలుటయే మానిరి. 1979లో విప్లవము వచ్చి, ఆ దేశముననే ముసుగు నిర్బంధమయ్యెను. 1983 నాటి శాసనము కాదన్నవారికి కొరడాదెబ్బలు విధించెను. 2022 సెప్టెంబరులో ముసుగు సరిగా లేదని పట్టుకొనిపోబడిన మహసా అమీనీ యను 22 ఏండ్ల యువతి నిర్బంధములో నుండగా మరణించెను. ముసుగు లాగివేసిన రక్షకభటుడును, ముసుగు కప్పించిన రక్షకభటుడును వేఱుగారు. ఇరువురును స్త్రీదేహమును రాజ్యపు గోడగా భావించి తమ ప్రకటనమును దానిపై అంటించినవారే. టర్కీలోను 1980వ, 90వ దశకములలో తలగుడ్డ గల యువతులు విశ్వవిద్యాలయములనుండి వెడలగొట్టబడిరి. స్వేచ్ఛ పేరిట చదువు పోగొట్టుట యే స్వేచ్ఛ?

మన దేశముననే 2022 ఆరంభమున కర్ణాటకములోని ఉడుపిలో తలగుడ్డ ధరించిన బాలికలను తరగతిలోనికి రానీయమనిరి. మార్చి 15న ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము నిషేధమును సమర్థించెను. అక్టోబరు 13న సర్వోన్నత న్యాయస్థానమున ఇరువురు న్యాయమూర్తులు భిన్నముగా తీర్పు చెప్పిరి. వారిలో సుధాంశు ధూలియాగారు బాలిక చదువునకే ప్రాధాన్యము నిచ్చిరి. ఉపాధ్యాయవృత్తిలో నున్న నాకు ఆ దృష్టియే సరియైనదని తోచుచున్నది. బడి తలుపు తలగుడ్డను చూచి మూయబడినచో, నష్టపోవునది గుడ్డ కాదు, తల.

మతగ్రంథమును ప్రమాణముగా గైకొన్నను నిర్బంధమునకు బలము చాలదు. ఖురాను 24వ అధ్యాయమున అణకువను గూర్చిన యుపదేశము 30వ వాక్యమున మొదట పురుషులనే సంబోధించుచున్నది; తమ చూపులను దించుకొనుడని వారికి చెప్పిన పిమ్మటనే 31వ వాక్యమున స్త్రీల ప్రసంగము వచ్చుచున్నది. మతవిషయమున బలవంతము కూడదను భావము 2వ అధ్యాయము 256వ వాక్యమున కలదు. మక్కాయాత్రలో ఇహ్రాముననున్న స్త్రీ ముఖమునకు నికాబు కట్టరాదని వారి ధర్మశాస్త్రజ్ఞులే చెప్పుదురు. దీనిని బట్టి వాదించుటకు మనకంటె ముస్లిం స్త్రీలే అర్హులు, వాదించినవారును కలరు.

వంగదేశమున రొకియా సఖావత్ హుస్సేన్‌గారు 1911లో కలకత్తాయందు ముస్లిం బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. బాలికలను తెచ్చు బండిని పరదా కొఱకు గాలి చొరకుండ మూయింపగా పిల్లలు మూర్ఛిల్లిరి. తెఱలు కట్టింపగా, గాలికి తెఱ కదలి పిల్లలు కనబడుచున్నారని పెద్దలు జాబులు వ్రాసిరి. ఈ కష్టములను ఆమె 1931లో వెలువడిన ‘అవరోధవాసిని’ యందు తెలిపిరి. అంతఃపురపు చెఱను అంత గట్టిగా ఖండించియు, అణకువగల వస్త్రమును ఆమె నిందింపలేదు. వస్త్రము వేఱు, చెఱ వేఱని ఆమె ఎఱుగును. హైదరాబాదున సుగ్రా హుమాయూన్ మిర్జాగారు పరదాను విడిచి స్త్రీల పత్రికను నడిపిరి. ఇట్టి మార్పు లోపలినుండి వచ్చినపుడు వేళ్లూనును. వెలుపలనుండి లాగినపుడు పట్టు బిగియును.

మతమునకు గుఱుతుగా బట్ట కావలసియున్నచో దానికి తగిన స్థానము వేఱు కలదు. పామఱ్ఱునకు చేరువనున్న భట్లపెనుమఱ్ఱువారైన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడయందు గాంధిగారికి సమర్పించిన పతాకమున ఎఱుపు హిందువులకును, ఆకుపచ్చ ముస్లిములకును గుఱుతులు. ఇతర మతముల కొఱకు తెలుపు చేర్చబడెను. కాని 1931లో కాంగ్రెసువారు రంగులకు మతార్థమును తొలగించి, ధైర్యము, సత్యము, విశ్వాసము మొదలగు గుణములను అర్థములుగా నిర్ణయించిరి. జెండాగుడ్డ మీదనుండియే మతభేదమును దించివేసిన పెద్దల వారసులము, దానిని ఆడపిల్లల తలగుడ్డలపై నెక్కించుట తగునా?

కావున గృహస్థులారా, పొరుగింటి బాలిక ముసుగుతో వచ్చినపుడు నవ్వకుడు. ఆమెకు మీ యింట పీట వేయుడు. ఆమె ముసుగు లేక వచ్చిననాడును ఆ పీటయే వేయుడు. ముస్లిం సోదరులారా, మీ కుమార్తె కప్పుకొన్నప్పు డెంత ప్రేమింతురో, ఒల్లనన్నప్పుడును అంతియే ప్రేమింపుడు. ఆమె చదువును, వివాహమును, యింట భోజనమును బట్టతో ముడివేయకుడు. మనమును మన కోడండ్రకు, కూతుండ్రకు, వితంతువులైన సోదరీమణులకు ఆ స్వాతంత్ర్యమే యిచ్చితిమా యని మొదట చూచుకొందము. కాదనుటకు వీలున్న యింట ఏ వస్త్రమైనను శోభించును. వీలులేని యింట పట్టుచీరయు సంకెలయే.