సాక్షి ఎవరు?



మీ ఫోనులో బ్యాంకు సైటు తెరిచినప్పుడు అది నిజంగా ఆ బ్యాంకుదేనని మీకు చెప్పేది ఎవరు? కంటికి కనబడని ఒక ధ్రువపత్రం. దానిపై సంతకం చేయదగిన సంస్థల జాబితా బ్రౌజరులో ముందే ఉంటుంది. జాబితాలోని వారి సంతకం ఉంటే చాలు, బ్రౌజరు మారుమాట లేకుండా నమ్ముతుంది. మరి ఆ జాబితాలోకి ప్రభుత్వమే బలవంతంగా వచ్చి కూర్చుంటే?

2019 జూలైలో కజక్‌స్తాన్‌లో ఇదే జరిగింది. ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రాన్ని మీ ఫోన్లలో పెట్టుకోండని రాజధాని ప్రజలకు టెలిఫోను కంపెనీలు సందేశాలు పంపాయి. మోసగాళ్ళ బారినుండి మిమ్మల్ని కాపాడడానికేనన్నారు. కాని దాన్ని పెట్టుకుంటే జరిగేదేమిటి? మీరు రాసిన ఉత్తరాన్ని తపాలా మనిషి దారిలో విప్పి, చదివి, మళ్ళీ అదే రకం ముద్ర వేసి అందించినట్లే. గూగుల్, ఫేస్‌బుక్ వంటి సైట్లకు వెళ్ళే మాటలను ఇలా మధ్యలో పట్టుకుంటున్నారని పరిశోధకులు కనిపెట్టారు. ఆగస్టులో ప్రభుత్వం, అది పరీక్ష మాత్రమేనంటూ ఆపింది. అదే నెలలో గూగుల్, మొజిల్లా, ఆపిల్ సంస్థలు ఆ పత్రం తమ బ్రౌజర్లలో చెల్లకుండా చేశాయి. 2020 డిసెంబరులో మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అడ్డుకున్నాయి.

"పొలం కాగితాలకు, పిల్లల పుట్టిన తేదీకి ప్రభుత్వ ముద్రనే నమ్ముతాము గదా, ఇక్కడ మాత్రం ఎందుకు కూడదు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తాసీల్దారు కాగితం మీ చేతిలో ఉంటుంది. తప్పయితే కోర్టుకు పట్టుకుపోవచ్చు. ఇక్కడ తప్పు జరిగినట్టు మీకు తెలియనే తెలియదు. పైగా "ఇదే మీ బ్యాంకు" అని సాక్ష్యం చెప్పేవాడే తలుపు చాటున నిలబడి వినేవాడు. అటువంటి సాక్ష్యాన్ని ఊరి పంచాయితీలో కూడా ఒప్పుకోరు.

అలాగని కంపెనీలకు దండం పెట్టమనడం లేదు. ఒక దేశ ప్రభుత్వం మాట చెల్లదని తేల్చడానికి వాటిని ఎన్నుకున్నదెవరు? ఇది నాకు మింగుడుపడని సంగతే. కజక్‌స్తాన్ విషయంలో మాత్రం వాటి పక్షమే న్యాయమంటాను.

మన దేశం మాటా చెప్పుకోవాలి. 2014లో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నుండి గూగుల్ సైట్ల పేరు మీద, గూగుల్ అడగని ధ్రువపత్రాలు వెలువడ్డాయి. జారీ విధానమే దెబ్బతిన్నదని తేలి, ఆ సెంటరుకున్న అధికార పత్రాలను పైనున్న ప్రభుత్వ కార్యాలయం రద్దు చేసింది. తప్పును పట్టుకున్నది మాత్రం గూగుల్. 2018 నుండి క్రోమ్ బ్రౌజరు, జాబితాలోని సంస్థలు కొత్తగా ఇచ్చే ప్రతి పత్రమూ బహిరంగ చిట్టాలో నమోదు కావాలంటోంది. సర్కారుదైనా ప్రైవేటుదైనా ఒకటే నియమం. తన పేరు మీద తాను అడగని పత్రమేదైనా ఉన్నదేమో సైటు సొంతదారు అందులో వెదుక్కోవచ్చు.