చేతిలోని ఫోను, ఎదుటనున్న సహోదరుడు

మూలవాక్యము: 2 యోహాను 12
చదువవలసిన భాగములు: నిర్గమకాండము 23:1-9, ఆదికాండము 27:18-29, యాకోబు 5:1-6



యోహాను వ్రాసిన రెండవ పత్రిక బైబిలులోని మిక్కిలి చిన్న పత్రికలలో ఒకటి. అందులో పదమూడు వచనములు మాత్రమే కలవు. విశ్వాసురాలైన ఒక అమ్మగారికిని ఆమె బిడ్డలకును యోహాను ఒక సంఘపెద్దగా దీనిని వ్రాసెను. ముగించుచు ఆయన తన మనస్సులోని మాట ఒకటి చెప్పుచున్నాడు. చెప్పవలసిన సంగతులు ఇంకను ఎన్నో ఉన్నవి. అయితే వాటినన్నిటిని సిరాతో కాగితముమీద పెట్టుట ఆయనకు ఇష్టము లేదు. తానే వచ్చి, వారి యెదుట కూర్చుండి మాటలాడవలెనని ఆయన కోరిక. అప్పుడు గాని ఉభయుల సంతోషము నిండుకొనదని ఆయన ఎరుగును.

ఈ వచనమును మనము సాధారణముగా చదివి దాటిపోవుదుము. కాని నేడు మన పల్లెలలో ప్రతి యింట ఫోను వచ్చియున్న దినములలో ఈ చిన్న వచనము మనతో చాల మాటలాడుచున్నది. యోహాను కాగితమును తృణీకరింపలేదు. కాగితము మీదనే గదా ఈ మాట వ్రాసెను! అయితే కాగితము ఎంతవరకు పనికివచ్చునో, ఎక్కడ చాలదో ఆయనకు తెలియును. మనకును ఆ వివేకమే కావలెను.

1. దేవునికి స్తోత్రము చెల్లింపవలసిన సంగతులు

యోహాను కాలపు కాగితము తుంగజాతి మొక్క కాండమునుండి చేయబడెడిది. ఆనాటికి అదియే దూరపువారితో మాటలాడు సాధనము. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికను తెర్తియు చేతితో వ్రాసెను. ఫీబే అను సహోదరి దానిని తీసికొనిపోయెనని పండితులు తలంచుదురు. 1455వ సంవత్సర ప్రాంతమున జర్మనీ దేశములో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రముమీద బైబిలును ముద్రించెను. 1818లో శ్రీరాంపురము ముద్రణాలయములో తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడెను. ఆ యంత్రములను మన పితరులు సాతాను పనిముట్లని తలంచియున్నయెడల మన అవ్వలు తమ ఒడిలో బైబిలు పెట్టుకొని చదువగలిగియుండెడివారా?

అట్లే ఈనాటి సాధనమును. మన దేశములో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు సామాన్య జనులకు అందుబాటులోనికి వచ్చెను. చాల కాలము అది పట్టణములలోని వారికే తెలిసిన వస్తువు. 2016 సెప్టెంబరులో జియో సేవ ఆరంభమైన పిమ్మట నెట్టు వెల బహుగా తగ్గి, మేకలు కాయు పిల్లవాని చేతికిని అది వచ్చెను. ఆ సంవత్సరమే యూపీఐ అను చెల్లింపు పద్ధతియు మొదలాయెను. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే ఆ మార్గమున రెండువేల కోట్లకు పైగా చెల్లింపులు జరిగినవి. నేడు కూరగాయల గంప ముందును స్కానరు అట్ట ఉన్నది, టీ కొట్టులోను ఉన్నది, కొన్ని మందిరములలో కానుకపెట్టె ప్రక్కను ఉన్నది.

కడప జిల్లానుండియు కోనసీమనుండియు ఎందరో సహోదరీలు కువైటు దేశములో ఇండ్లలో పని చేయుచున్నారు. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల మగవారు దుబాయిలో ఎండలో గోడలు కట్టుచున్నారు. ఒకప్పుడు వారి జాబు రావలెనన్న వారములు పట్టెడిది; వచ్చిన జాబును చదివిపెట్టుటకు ఎవరినో బ్రతిమాలవలసి వచ్చెడిది. ఇప్పుడు తల్లి తన బిడ్డ ముఖమును ప్రతి సాయంకాలము చూచుచున్నది. 2011లో మీసేవ కేంద్రములు వచ్చినవి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మన మిత్ర అను పేరున వాట్సాప్ ద్వారా తన సేవలను ఆరంభించెను. ఒక ధ్రువపత్రముకొరకు కూలి మానుకొని మండలమునకు మూడుసారులు తిరిగిన వారికి ఇది గొప్ప సహాయము. చూపు తగ్గిన వృద్ధులు ఫోనులో వాక్యమును చెవులార వినుచున్నారు. వీటన్నిటికొరకు దేవుని స్తుతింతము. బెసలేలునకు చేతిపనుల నేర్పు నిచ్చినవాడు దేవుడే గదా.

2. సత్యమును గూర్చిన హెచ్చరిక

అయితే ఏ సాధనము మంచి వార్తను త్వరగా మోసికొనిపోవునో, అదియే అబద్ధమును కూడ అంత త్వరగా మోయును. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వదంతులు పుట్టి, మన తెలుగు జిల్లాలతో కూడ అనేక రాష్ట్రములలో ఏ పాపము నెరుగని బాటసారులను జనులు కొట్టి చంపిరి. ఆ సంవత్సరము జులైలో ఆ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండునట్లు కట్టడి చేసెను. కాని అంతకుముందు ఎన్నో తరముల క్రిందటనే నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటి వచనములో దేవుడు కట్టడి చేసియున్నాడు. లేని వార్తను పుట్టించుటయే కాదు, దానిని చేతులు మార్చుటయు పాపమే. "నేను వ్రాయలేదు, వచ్చినదానిని పంపితిని" అని చెప్పుట ఆయన యెదుట చెల్లదు. వ్రేలు నొక్కుటకు ముందు, ఇది నిజమా అని అడుగుడి. నిజమే అయినను, దీనివలన ఎవనికి మేలు అని అడుగుడి.

మోసగాండ్రును ఈ మార్గముననే వచ్చుచున్నారు. ఇస్సాకు సంగతి మీకు తెలియును. కన్నులు మందగించిన ఆ తండ్రికి చేతులు ఏశావువిగా తోచినవి గాని, స్వరము యాకోబుదే అని చెవి చెప్పుచుండెను. చెవి మాట నమ్మియుంటే మోసపోకపోవును. నేడు ఆ చెవికూడ మోసపోవు దినములు వచ్చినవి. కృత్రిమ మేధ అను నేర్పుతో నీ కుమారుని స్వరమును పోలిన స్వరమునే పుట్టించి, "అమ్మా, ఆపదలో ఉన్నాను, డబ్బు పంపుము" అని అడుగగలరు. అట్టి పిలుపు వచ్చినయెడల ఫోను పెట్టివేసి, నీ కుమారుని నంబరునకు నీవే చేసి కనుగొనుము.

మరికొందరు పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి, "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, గదిలోనుండి కదలరాదు" అని బెదరించి ధనము లాగుచున్నారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో, చట్టములో అట్టిది ఏదియు లేదని దేశమంతటికిని తెలియజేసెను. ఈ మూడు సంగతులు మన సంఘములోని ప్రతి తల్లికి కంఠస్థము కావలెను: డబ్బు మనకు వచ్చుటకు పిన్ను కొట్టనక్కరలేదు, పిన్ను కొట్టితిమా డబ్బు పోవును. ఓటీపీ అంకెలు ఎవరికిని చెప్పరాదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే, సిగ్గుపడక, 1930 నంబరునకు ఫోను చేయవలెను.

అప్పుల యాప్‌ల విషయమును చెప్పక తప్పదు. 2020లో తెలంగాణలో వీటివద్ద అప్పు తీసికొనినవారిని బంధుమిత్రుల యెదుట అవమానపరచగా కొందరు ప్రాణములు తీసికొనిరి. డబ్బు పందెపు ఆటలును అట్టివే. 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని నిషేధించు చట్టము చేసెను. కాని చట్టముకంటె ముందు విశ్వాసి మనస్సాక్షి మాటలాడవలెను. ప్రభువు సిలువపై వ్రేలాడుచుండగా, ఆ సిలువ క్రిందనే సైనికులు ఆయన వస్త్రమునకై చీట్లు వేసికొనుచుండిరి. తలయెత్తి చూచియుంటే రక్షకుడు కనబడును. వారు తల వంచుకొని తమ ఆటనే చూచుకొనిరి. తల వంచుకొని ఫోను చూచు మన యౌవనస్థులు దీనిని ఆలోచింతురు గాక.

3. బీదవాని న్యాయమును గూర్చిన హెచ్చరిక

కూలి చేసి బ్రతుకువారిపైన ఈ మార్పు బరువు ఎక్కువగా పడుచున్నది. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనులవద్ద కూలీల హాజరును, రోజుకు రెండుసారులు ఫొటో తీసి, ఫోనులోని యాప్‌లో ఎక్కించవలెనను నియమము నిర్బంధమాయెను. దొంగ మస్టర్లు అరికట్టుట మంచిదే. కాని సిగ్నలు అందని చోట్ల, ఎండలో మట్టి మోసిన దినమునకు హాజరు పడలేదని అనేక రాష్ట్రముల కూలీలు మొరపెట్టిరి. రేషను డిపోలోను ఇట్లే జరుగుచుండును. జీవితమంతయు కలుపు తీసి, గడ్డి కోసి, పిడకలు కొట్టి అరిగిపోయిన అవ్వ వ్రేళ్లను యంత్రము గుర్తుపట్టక నిరాకరించును. కష్టపడినందుకే ఆమె ముద్ర చెరిగిపోయినది. ముద్ర చెరిగినందున బియ్యము ఆగిపోవుచున్నది. యంత్రము ఎరుగకపోయినను, ఆ చేతులను దేవుడు ఎరుగును.

యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో, పట్టి ఉంచబడిన కూలి కేకవేయుచున్నదనియు, ఆ కేక ప్రభువు చెవిని చేరియున్నదనియు వ్రాసెను. కూలిని బిగబట్టినవాడు భూస్వామియైనను, యంత్రమైనను, కేక ఒక్కటే. ప్రభువు చెవిని చేరిన కేక ఆయన సంఘము చెవిని చేరకపోవచ్చునా? మన సంఘములో పదవ తరగతి చదివిన బిడ్డలు ఉన్నారు. అవ్వ వెంట డిపోకు పోయి, వ్రేలిముద్ర పడనప్పుడు కంటిపాప చూచు యంత్రముతో ప్రయత్నింపుమని అడుగుటకును, హాజరు పడని కూలివాని పక్షమున అర్జీ వ్రాసి పెట్టుటకును వారికి శక్తి కలదు. ఆ శక్తిని దేవుడు ఎందుకిచ్చెనో ఆలోచింపుడి.

4. సహవాసమును గూర్చిన హెచ్చరిక

2020 మార్చిలో కరోనా వ్యాధివలన మందిరములు మూయబడినప్పుడు, ఫోను ద్వారానే మనము వాక్యము వింటిమి. ఆ చెరకాలములో దేవుడు మనకు ఆ మార్గమును తెరచెను. మందిరములు తెరువబడి ఎన్నో సంవత్సరములైనను, కొందరు ఇంకను మంచముమీదనే ఆరాధన చేయుచున్నారు. "పెద్ద పెద్ద ప్రసంగీకుల మాటలు యూట్యూబులో వినుచున్నాను గదా, మన పాస్టరుగారి చిన్న ప్రసంగముకొరకు నడిచి రావలెనా?" అని అడుగువారు ఉన్నారు.

సహోదరుడా, యూట్యూబులోని ప్రసంగీకుడు నీకంటె మంచి మాటలాడవచ్చును, నీ పాస్టరుకంటె మంచి మాటలాడవచ్చును. కాని నీ భార్య ప్రసవవేదనలో ఉన్న రాత్రి ఆయన ఆటో మాటలాడి తోడు రాడు. నీ తండ్రి మరణించిన దినమున ఆయన నీ వాకిట కూర్చుండడు. మంచముమీద పడియున్నవారి యొద్దకు సంఘపెద్దలు రొట్టెయు రసమును తీసికొనివెళ్లుదురు. ఆరోగ్యవంతుడవై యుండి రాననువానికి ఫోను ఆ రొట్టెను అందింపలేదు. నీవు రాకపోయినయెడల నీకు మాత్రమే నష్టము కాదు. నీ ప్రక్కన కూర్చుండవలసిన విధవరాలు ఆ దినమున ఒంటరిగా కూర్చుండును.

ఇండ్లలోను చూడుడి. నలుగురు ఒక్క అరుగుమీద కూర్చుండియున్నారు, నలుగురి చేతులలో నాలుగు ఫోనులు, మాట లేదు. కుటుంబ ప్రార్థన మానివేయబడినది గాని మానివేసితిమని ఎవరికిని తెలియదు. చిన్న బిడ్డ ఏడ్చినప్పుడు ఒడి నిచ్చుటకు బదులుగా ఫోను ఇచ్చుచున్నాము.

దేవుడు మనలను రక్షించిన విధమును తలంచుడి. పూర్వము ఆయన ప్రవక్తలచేత వార్తలు పంపెను. ధర్మశాస్త్రమును రాతిపలకలమీద వ్రాసి యిచ్చెను. అయినను వార్త పంపి ఊరకుండుటకు ఆయన ప్రేమ ఒప్పుకొనలేదు. తుదకు తానే మనుష్యుడై మన మధ్యకు వచ్చెను. కుష్ఠరోగిని ఒక్క మాటతో దూరమునుండియే బాగుచేయగలిగినవాడు, చెయ్యి చాపి వానిని ముట్టెను. ఎవరును ముట్టని మనుష్యునికి ఆ స్పర్శయే సగము స్వస్థత. యోహాను ఆ ప్రభువు ప్రక్కను కూర్చుండి భోజనము చేసినవాడు. కాబట్టియే కాగితము చాలదని ఆయనకు తెలిసినది.

5. మనము చేయవలసినది

ఫోనులను పారవేయుడని నేను చెప్పుట లేదు. వాటిని వాటి చోట ఉంచుడని చెప్పుచున్నాను. రాత్రి భోజనవేళ ఇంటిలోని ఫోనులన్నియు ఒక గూటిలో పెట్టి, ఒక అధ్యాయము చదివి, ఒకరికొరకు ఒకరు ప్రార్థింపుడి. ప్రతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఇద్దరు యౌవనస్థులు అరగంట మందిరములో నిలిచి, చదువురాని పెద్దలకు ఫోను పనులలో సహాయము చేయుదురు గాక. అయితే వారి పిన్నును అడుగవద్దు, చెప్పినను వినవద్దు. స్త్రీల సమాజపు కూడికలో మోసముల సంగతి ఒకసారి చెప్పించుడి. ఈ నెలలో మందిరమునకు రాని ఒక్కరిని ఎన్నుకొని, వారికి సందేశము పంపుటకు బదులుగా, నడిచి వెళ్లి వారి అరుగుమీద కూర్చుండుడి. దూరదేశములో ఉన్న బిడ్డతో ఫోనులో మాటలాడునప్పుడు, ఆ సగము సంతోషమునకు దేవుని స్తుతించి, నిండు సంతోషము కొరకు కనిపెట్టుడి. ఆయన ముఖమును మనము కన్నులార చూచు దినము రానైయున్నది. అంతవరకు సహోదరుని ముఖమును చూచుట మానకుందము.

ప్రార్థన: మా తండ్రీ, నీవిచ్చిన సాధనములకై నీకు స్తోత్రములు. అబద్ధమును మోయకుండ మా చేతులను, మోసపోకుండ మా పెద్దలను, వ్యర్థమైన వాటినుండి మా బిడ్డల కన్నులను కాపాడుము. కూలి అందని వారి మొరను ఆలకించుము. మేమును ఆలకించునట్లు చేయుము. నీ కుమారుడు మాయొద్దకు వచ్చినట్లు మేమును ఒకరియొద్దకు ఒకరము వెళ్లుటకు పాదములు కదలించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.