రోమీయుడు కానివానికి న్యాయమేది?

ధ్యానభాగములు: అపొ. కార్యములు 22:24–29, 25:23–27, నిర్గమ. 23:9



అపొస్తలుల కార్యముల గ్రంథము ఇరువదియైదవ అధ్యాయము చివర ఫేస్తు అను అధిపతి చెప్పిన మాట నొకదానిని మనము తరచుగా చదివి దాటిపోవుదుము. పౌలును కైసరునొద్దకు పంపవలసి వచ్చినప్పుడు ఏమని వ్రాసి పంపవలెనో ఫేస్తునకు తోచలేదు. నేరమేదియో తెలుపకుండ ఖైదీని పంపుట తగిన పనిగా తనకు కనబడలేదని అతడు అగ్రిప్ప రాజు ఎదుట ఒప్పుకొనెను. ఫేస్తు భక్తిపరుడు కాడు. మోషే ధర్మశాస్త్రము నేర్చినవాడు కాడు. అయినను, మనుష్యుని బంధించినవాడు ఎందుకు బంధించెనో చెప్పగలిగి యుండవలెనను పాటి వివేకము అతనికి కలదు. ఒక అన్యునికి తెలిసిన ఈ చిన్న న్యాయము నేటి రాజ్యములలో ఎంతవరకు నిలిచియున్నదో ఈ నెల మనము కలిసి ఆలోచింతము.

ఫేస్తు ఆ మాట పలికిన స్థలము కైసరయ. అది మధ్యధరా సముద్రతీరమున నున్నది. ఆ పట్టణపు శిథిలముల నడుమ 1948 వరకు ఒక అరబ్బు గ్రామముండెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఆ గ్రామస్థులు అక్కడనుండి వెళ్లగొట్టబడిరి. ఆ యుద్ధకాలములో ఇండ్లు వాకిళ్లు పోగొట్టుకొన్న పాలస్తీనీయులు ఏడు లక్షలకు పైగా నుండిరి. 1967 యుద్ధములో మరి కొన్ని లక్షలమంది చెదరిపోయిరి. వారును వారి బిడ్డలును యొర్దాను, సిరియ, లెబానోను దేశములలో శరణార్థులైరి. కొందరు పని వెదకుకొనుచు కువైటు, సౌదీ అరేబియా, లిబియా మొదలగు దేశములకు పోయిరి. కొందరు అమెరికా చేరిరి. అక్కడ వారు ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు, గుమాస్తాలు అయి పరులకు పాఠశాలలు నడిపిరి, పరుల ఇండ్లు కట్టిరి. అయితే అనేకుల చేతిలో నున్నది ప్రయాణ పత్రమే గాని పౌరసత్వము కాదు. తండ్రి వచ్చిన దేశములోనే పుట్టి పెరిగిన కుమారుడు సహితము పరదేశిగానే లెక్కింపబడెను.

నిర్హేతుక నిర్బంధమని పెద్ద మాటతో చెప్పుదురు గాని దాని అర్థము తేలిక. ఒకనిని పట్టుకొందురు, ఎందుకో చెప్పరు. చెప్పినను రుజువు చూపరు. న్యాయమూర్తి యెదుటికి తీసికొని పోరు. ఇంటివారికి ఎక్కడ నున్నాడో తెలియనియ్యరు. ఇది తప్పని లోకములోని దేశములన్నియు ఎరుగును. 1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్య సమితి ప్రకటించిన మానవ హక్కుల ప్రకటన తొమ్మిదవ అంశములో దీనిని నిషేధించినది. ఆ అంశము పౌరులకు మాత్రమే అని చెప్పలేదు. ఏ మనుష్యునినైనను అట్లు పట్టరాదనియే దాని భావము.

అయినను జరిగినదేమో చూడుడి. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. అప్పుడు కువైటులో దాదాపు నాలుగు లక్షలమంది పాలస్తీనీయులుండిరి. వారి నాయకుడైన యాసర్ అరాఫత్ సద్దాము పక్షము వహించినట్లు లోకమునకు కనబడెను. 1991 ఫిబ్రవరిలో కువైటు విడుదల పొందినప్పుడు ఆ కోపమంతయు సామాన్య పాలస్తీనీయులమీద పడెను. సైనిక శాసనము అమలులో నుండగా దారులలో కావలి పెట్టి, పత్రములు అడిగి, పాలస్తీనీయుడని తెలియగానే అనేకులను పట్టుకొని పోయిరి. కొందరు చెరలో కొట్టబడిరి, కొందరు తిరిగి కనబడలేదు. ఆక్రమణకాలములో కువైటీలను తమ ఇండ్లలో దాచి కాపాడినవారును ఆ జనములో నుండిరి; వారినెవరు వేరుచేసి చూచిరి? కొద్ది కాలములోనే కొన్ని పదుల వేలు తప్ప తక్కినవారందరు ఆ దేశము విడువవలసి వచ్చెను. 2004లో మహమూద్ అబ్బాస్ కువైటుకు వెళ్లి, ఆ నాటి తమ వైఖరికి క్షమాపణ చెప్పెను. అనగా తప్పు నాయకులది, దానిని ఒప్పుకొన్నది పదుమూడేండ్ల తరువాత; దాని శిక్షను మాత్రము బడిపంతులును, దుకాణపు గుమాస్తాయు ముందుగానే అనుభవించిరి.

మరియొక సంగతి. 2019 ఏప్రిలులో సౌదీ అరేబియాలో ముహమ్మద్ అల్-ఖుదరీ అను వృద్ధ వైద్యుని, అతని కుమారుని పట్టుకొనిరి. అతడు అనేక సంవత్సరములు ఆ దేశములో హమాసు పక్షమునకు ప్రతినిధిగా నుండినవాడు. ఆ సంగతి ఆ ప్రభుత్వమునకు తెలిసినదే. ఎనుబదియేండ్లు దాటినవాడు, పుట్టకురుపు వ్యాధితో బాధపడుచున్నవాడు. దాదాపు సంవత్సరము పాటు నేరమేదియో మోపకుండ ఉంచి, 2020 మార్చిలో అరువదిమందికి పైగా పాలస్తీనీయులతోను యొర్దానీయులతోను కలిపి ఒక్కటే విచారణలో నిలువబెట్టిరి. 2021 ఆగస్టులో పదునైదేండ్ల శిక్ష విధించి దానిలో సగము తగ్గించిరి. 2022 అక్టోబరులో విడిచి యొర్దానుకు పంపివేసిరి. సిరియలో 2011 తరువాత చెరలకు కొనిపోబడిన పాలస్తీనీయులు వేలకొలదిగా నుండిరి. 2024 డిసెంబరు 8వ తేదీన ఆ ప్రభుత్వము కూలి చెరసాల తలుపులు తెరువబడినప్పుడు తల్లులు సైద్నాయా అను చెరసాలకు పరుగెత్తిరి. అనేకులకు బిడ్డ దొరకలేదు, సమాధియు దొరకలేదు.

ఇవి రాజుల దేశములు, నియంతల దేశములు గనుక ఇట్లు జరిగెనని మనము చెప్పుకొనవచ్చును. అయితే అమెరికాలో 1987 జనవరిలో ఏడుగురు పాలస్తీనీయులను, కెన్యా దేశస్థురాలైన ఒక స్త్రీని పట్టుకొని, దేశమునుండి వెళ్లగొట్టుటకు వ్యాజ్యము వేసిరి. అది ఇరువది యేండ్లు నడచి 2007లో కొట్టివేయబడెను. 2025 మార్చి 8వ తేదీ రాత్రి న్యూయార్కులో మహమూద్ ఖలీల్ అను యువకుని అతడు కాపురమున్న భవనములోనే పట్టుకొనిరి. అతడు సిరియలోని పాలస్తీనా శరణార్థుల కుటుంబములో పుట్టినవాడు. అమెరికాలో స్థిరనివాసపు అనుమతి గలవాడు. గాజా యుద్ధమునకు విరోధముగా విశ్వవిద్యాలయములో జరిగిన ఆందోళనలో విద్యార్థుల పక్షమున మాటలాడినవాడు. అతనిమీద ఏ క్రిమినలు నేరమును మోపలేదు. అతడు దేశములో నుండుట విదేశాంగ నీతికి హానియని 1952 నాటి చట్టములోని ఒక మాట చూపిరి. అతనిని దూరమున లూసియానాలో ఉంచగా, ఏప్రిలు 21వ తేదీన అతని భార్య మొదటి బిడ్డను కనెను. ఆ బిడ్డ పుట్టుట చూడనియ్యలేదు. నూట నాలుగు దినముల తరువాత న్యాయమూర్తి ఆజ్ఞచేత అతడు జూను 20న బయటికి వచ్చెను. అక్కడ ఒక భేదము మనము మరువరాదు: అడుగగల న్యాయస్థానమొకటి ఉండెను. అది లేనిచోట నూట నాలుగు దినములకు లెక్కపెట్టువాడే యుండడు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. యెరూషలేములో పౌలును కొరడాలతో విమర్శింపుమని పైయధికారి ఆజ్ఞాపించెను. తాను రోమీయుడనని పౌలు తెలుపగానే వారు చేతులు వెనుకకు తీసికొనిరి. బంధించినందుకు ఆ అధికారి భయపడెను. ప్రియులారా, అతడు దేనికి భయపడెను? నిర్దోషిని కొట్టబోతినని కాదు. దేవుని యెదుట లెక్క అప్పగింపవలెనని కాదు. రోమాకు భయపడెను. పౌలు వెనుక ఒక సామ్రాజ్యమున్నది గనుక అతని వీపు బ్రతికెను. అదే గడియలో రోమీయుడు కాని ఒక యూదుడో, ఒక సిరియా కూలివాడో ఆ స్తంభమునకు కట్టబడియుంటే ఏమగును? ఎవనికి భయపడి విడుతురు?

1990లో ఇదే మన కన్నులయెదుట జరిగెను. కువైటులో చిక్కుకొన్న భారతీయులను, దాదాపు ఒక లక్ష డెబ్బది వేలమందిని, మన ప్రభుత్వము యొర్దాను రాజధాని అమ్మాను మీదుగా విమానములలో ఇంటికి చేర్చెను. వారిలో మన కడప, గోదావరి సీమలవారును ఉండిరి. దేవునికి స్తోత్రము. అయితే అదే యెడారి దారిని వచ్చిన పాలస్తీనీయుని కొరకు ఏ దేశము విమానము పంపును? నేటికిని మన సంఘములలో అనేక కుటుంబముల బిడ్డలు గల్ఫు దేశములలో నున్నారు. అకామా గడువు దాటినను, కఫీలు ఫిర్యాదు చేసినను చెరలో పడుదుమన్న భయమేమిటో ఆ తల్లులకు తెలియును. ఫోను రాని వారము ఎంత దీర్ఘమో వారికి తెలియును. అయినను మన రాయబార కార్యాలయమునకు అర్జీ వ్రాయవచ్చునను ఆశ ఒకటి వారికున్నది. పాలస్తీనీయులకు అట్టి కార్యాలయములు కొన్నిచోట్ల ఉన్నను, వాని మాటకు బలము తక్కువ. మరియు మీరు ఐగుప్తులో పరదేశులై యుంటిరి గనుక పరదేశి మనస్సు మీకు తెలియునని దేవుడు ఇశ్రాయేలుతో చెప్పిన మాట (నిర్గమ. 23:9) మన గ్రామముల తల్లులకు వ్యాఖ్యానము లేకయే అర్థమగును.

ఒకని వెనుక దేశమున్నదని భయపడి చేయు న్యాయము న్యాయము కాదు. అది బలవంతునికి చెల్లించు కప్పము. న్యాయము మనుష్యునికి పత్రమువలన కలుగదు. దేవుని స్వరూపమందు సృజింపబడుటవలన కలుగును. అందుచేతనే స్వదేశికిని పరదేశికిని ఒక్కటే విధి యుండవలెనని లేవీయకాండము (24:22) నియమించినది.

ఇచ్చట కొందరు అడుగుదురు: దేశమునకు అపాయము చేయువారిని పట్టవద్దా? పట్టవచ్చును. అధికారి ఖడ్గము ఊరకనే ధరింపడని మనము నమ్ముచున్నాము. 2023 అక్టోబరు 7వ తేదీన హమాసువారు ఇశ్రాయేలులో చేసిన హత్యలు ఘోరపాపము. దానిని ఏ మాటతోను కప్పరాదు. అయితే నేరము చేసినవానికి నేరము చూపుటయే కదా న్యాయము? దోషి యని నిశ్చయముగా నమ్మినవాడు విచారణకు ఏల వెనుదీయవలెను? మనుష్యుని మాట వినకముందు ధర్మశాస్త్రము అతనికి తీర్పు తీర్చునా యని నీకొదేము అడిగిన ప్రశ్న (యోహాను 7:51) దోషులకును నిర్దోషులకును ఒకటే. విచారణ దోషిని తప్పించుటకు కాదు, దోషిని నిర్దోషినుండి వేరుచేయుటకు.

మరి కొందరు, వారు ఇశ్రాయేలునకు శత్రువులు, వారి సంగతి మనకేల యందురు. ఇట్టి మాట మన కూటములలోనే వినబడుచున్నది గనుక చెప్పక తప్పదు. బేత్లెహేములోను బేత్ సాహూరులోను తరతరములుగా క్రీస్తును ఆరాధించు పాలస్తీనీయులున్నారు. వారు మన సహోదరులు. అయితే వారు క్రైస్తవులైతేనే మనకు జాలి కలుగవలెనా? దేవుడు పరదేశిని బాధింపవద్దని ఆజ్ఞాపించినప్పుడు అతని మతమేమో అడుగుమనలేదు. ఇశ్రాయేలును ప్రేమించుచున్నామని చెప్పువారము ఇశ్రాయేలునకు దేవుడిచ్చిన ఆజ్ఞను త్రోసివేయగలమా? జనమంతటి మీద ఒకని దోషము మోపుట సొదొమ విషయములో సహితము న్యాయము కాదని అబ్రాహాము దేవునితో వాదించెను. దేవుడు ఆ వాదము వినెను.

అన్నిటికంటె గొప్ప సంగతి ఇది. పౌలు రోమీయుడు, మన ప్రభువు రోమీయుడు కాడు. ఆయనను రాత్రివేళ పట్టుకొనిరి. నేరము తరువాత వెదకిరి, సాక్షులు ఏకీభవింపలేదు. పిలాతు ఆయనయందు దోషము కనుగొనలేదని చెప్పుచునే కొరడాలతో కొట్టించెను. ఆపుమని చెప్పుటకు ఆయన వెనుక భూలోకపు రాజ్యమేదియు లేదు. పౌలు తప్పించుకొన్న కొరడా ప్రభువు వీపుమీద పడెను. కాబట్టి ఏ దేశమును తనదని చెప్పుకొనలేని ఖైదీ ప్రక్కను మనము నిలిచినప్పుడు మన ప్రభువు నిలిచిన చోటనే నిలుచుచున్నాము.

మనమేమి చేయగలమందురా? మొదటిది, బంధింపబడినవారిని మనమును వారితో బంధింపబడినట్టే జ్ఞాపకము చేసికొనవలెనని హెబ్రీ పత్రిక చెప్పినది. ఆదివారపు ప్రార్థనలో చెరలోనున్నవారి కొరకు అని ఒక్క మాటతో ముగింపక, గల్ఫులోనున్న మన బిడ్డలను పేరుపేరున తలచి, వారి ప్రక్క గదులలో ఎవరును విచారింపని పాలస్తీనీయులను కూడ తలచుడి. రెండవది, గల్ఫులోనున్న మీ బిడ్డలకు ఫోనులో మాటలాడునప్పుడు, తోటి పనివాడు కనబడకపోయినయెడల ఏ దేశపువాడైనను విచారింపుమని చెప్పుడి. మూడవది మన గడపలోనిదే. ఊరిలో కోడి పోయినను మేక పోయినను చెరువుగట్టున దిగిన సంచారులమీద మొదట అనుమానపడు అలవాటు మనకున్నది. రుజువు లేకుండ వారిని స్టేషనుకు పంపుటకు మన సంఘపెద్దలెవరును సంతకము చేయకుందురు గాక. కువైటు దారులలో పాలస్తీనీయుడవా యని అడిగిన కావలివాడును, నీవు ఏ కులపువాడవని అడిగి దొంగను తేల్చు గ్రామస్థుడును ఒకే బడిలో చదివినవారు.

ఫేస్తు నేరమేమియు వ్రాయలేక చేతిలో కలము పట్టుకొని కూర్చుండెను. అన్యుడైన అధిపతికి ఆ దినమున కలిగిన ఆ సిగ్గు నేటి ప్రభుత్వములకును, మన గ్రామములకును, మనకును కలుగునట్లు ప్రార్థింతము. ఆమేన్.