పిట్టకి గింజలా, చోటా?

భూతయజ్ఞం అంటే డాబా మీద పిట్టలకి నాలుగు గింజలు చల్లడమే అనుకుంటాం. నాకైతే కొల్లేరు గుర్తొస్తుంది. పెద్దింట్లమ్మ కొలువున్న ఆ సరస్సుని 1999లోనే పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అయినా చేపల చెరువుల గట్లు నీటికి అడ్డంగా నిలిచాయి. 2006లో వాటిని కొట్టేశారు. గూడబాతులకి అది న్యాయమే.

మరి ఆ చెరువు మీదే బతికే జాలరి సంగతో? పెట్టుబడి ఉన్నవాడు ఇంకోచోట చెరువు తవ్వుకుంటాడు, వల తప్ప ఏమీలేనివాడు ఎక్కడికి పోతాడు? భూతయజ్ఞంలో పెట్టే మెతుకు మన కంచంలోది కావాలి కదా, పక్కవాడిది కాదు. అలాగని గట్లు ఉంచెయ్యమనను. సరస్సు కోలుకుంటే వలకీ చేప పడుతుంది. ఈలోగా వాళ్ళ పూట గడిపే బాధ్యత ఆ చెరువులతో బాగుపడ్డవాళ్ళదే అంటాను.